‘కుంటు’ అను మాట

మన కళాశాల సంచికను నడుపు సంఘమువారు ఈ సంవత్సరము పూర్వ విద్యార్థులను ఒక కోరిక కోరినారు. ఎవరికి వారు తమ ఊరి పలుకుబడిలోనుండి ఒక మాటను తీసికొని, దాని అర్థమును, వాడుకను వివరించి పంపవలెనట. ఉర్దూ విభాగమునకు ఉర్దూ మాట, తెలుగు విభాగమునకు తెలుగు మాట అని ఒక నియమము కూడ పెట్టినారు. ఆ లేఖను చదివి మేము ముగ్గురము చాలసేపు నవ్వుకొన్నాము. మా ఇంటిలో ఏ మాట ఏ విభాగమునకు చెందునో మాకు ఏనాడును సరిగా తేలలేదు.

మేము ముగ్గురమును ఒకే నానీ మనుమలము. ఒకరి ఇల్లు ప్రొద్దుటూరు, ఒకరిది జమ్మలమడుగు, ఒకరిది పులివెందుల. తరువాతి కాలమున ముగ్గురమును ఈ కళాశాలలోనే చదివినాము. ఇంటిలోపల దక్కనీ, గడప దాటిన తెలుగు. గడపమీద నిలిచి మాటలాడునప్పుడు రెండును కలిసిపోయెడివి. వేసవి సెలవులు రాగానే జమ్మలమడుగువారును, పులివెందులవారును బస్సు దిగి ప్రొద్దుటూరిలో నానీ ఇంటికి చేరెడివారము. ఆ రెండు నెలలు మాకు బడి, గుడి, మసీదు అన్నియు వీధియే.

మేము ఎన్నుకొన్న మాట ‘కుంటు’. ఇది పిల్లలు ఎగురు ఆటలోని మాట. ఇంత చిన్న మాటకు ఇంత వ్యాసమా అని చదువరులు అనుకొనవచ్చును. మేమును అట్లే అనుకొని, ఒక పుటలో ముగించెదమని మొదలుపెట్టినాము.

ఆట అందరికిని తెలిసినదే. నేలమీద రెండు వరుసలుగా, వరుసకు నాలుగు చొప్పున ఎనిమిది గడులు గీయవలెను. బిళ్ళను మొదటి గడిలో వేసి, ఒక కాలు మడచి పైకెత్తి, రెండవ కాలిమీద ఎగురుచు, ఆ కాలితోనే బిళ్ళను ఒక గడినుండి మరియొక గడికి నెట్టుకొనుచు చుట్టి రావలెను. బిళ్ళ గీతమీద నిలిచినను, కాలు గీతను త్రొక్కినను, ఎత్తిన కాలు నేలకు తగిలినను ఆట పోయినట్లే. ఒక చుట్టు ముగిసిన పిమ్మట బిళ్ళను రెండవ గడిలో వేయవలెను. ఆ తరువాత మూడవదానిలో. దూరము పెరిగినకొలది కాలిబలముతోపాటు చేతికి గురియు కావలెను. నడుమ ఒక్క గడిలో మాత్రము రెండు కాళ్ళును మోపి ఊపిరి పీల్చుకొనవచ్చును.

అయితే మూడు ఊళ్ళలో మూడు రకముల నేల ఉండుటచేత ఆటయును మూడు విధములుగా ఉండెడిది. ప్రొద్దుటూరిలో నానీ ఇంటి ముంగిట నాపబండలు పరచి ఉండెడివి. మన జిల్లా గనులలో దొరకు సున్నపురాతి బండలు కడప రాయి అను పేరుతో దేశమంతట ఇండ్లలో పరచబడినవని మాకప్పుడు తెలియదు. మాకు తెలిసినదెల్ల, బండకు బండకు నడుమనున్న సందులే గీతలుగా పనికివచ్చునని. సుద్దముక్కతో పని లేదు. బండమీద బిళ్ళ జారిపోవును గనుక అక్కడ కాలికి బలముకంటె అదుపు ముఖ్యము. జమ్మలమడుగు పిల్లలు వేసవిలో ఎండిన పెన్న ఇసుకలో ఆడెడివారు. ఇసుకలో బిళ్ళ జరుగదు. కావున దానిని కాలితో నెట్టుటకు మారుగా, ఒంటికాలిమీద నిలిచి, నడుము వంచి చేతితో తీసికొనెడివారు. పులివెందులవారికి వేరుసెనగ పనులు ముగిసిన కళ్ళములు ఆటస్థలములు. అలికి గట్టిపరచిన ఆ నేలమీద ఎగిరిన మడమ అదరును గాని, బిళ్ళ ఎక్కడ ఆపిన అక్కడ ఆగును. ముగ్గురమును ఒకచోట చేరినప్పుడు ఎవరి నియమము నిలువవలెనను తగవుతోనే సగము ప్రొద్దు గడచెడిది.

పేర్లలోను ఇట్లే. ప్రొద్దుటూరు వీధిలో దీనిని ‘కుంటాట’ అనెడివారము. పులివెందులనుండి వచ్చినవారు ‘తొక్కుడుబిళ్ళ’ అనెడివారు. నానీ మాత్రము ‘లంగ్డీ’ అనెడిది. ఒక పేరు కాలిని చెప్పును, ఒక పేరు రాతిని చెప్పును. బిళ్ళ అనునది తెలుగున గొప్ప పనిమంతురాలైన మాట. ఇంటి కప్పుమీద పెంకుబిళ్ళ, జ్వరము వచ్చిన మందుబిళ్ళ, కచేరీలో నడుమున బిళ్ళ ధరించిన బిళ్ళబంట్రోతు. గుండ్రముగానో పలకగానో ఉండి చేతికి ఇమిడిన ప్రతి వస్తువును ఆ మాట తన ఇంటిలోనికి చేర్చుకొన్నది. దానివలన ఎవరికిని నొప్పి లేదు. మా కథ అంతయు మొదటి పేరుతోనే.

కుంటు అను క్రియకు తెలుగున రెండర్థములు. కాలిలోని లోపముచేత ఒక ప్రక్కకు ఒరుగుచు నడచుట ఒకటి. రెండు కాళ్ళును బాగుగ ఉన్నవాడు, కావలెనని ఒకదానిని ఎత్తి, రెండవదానిమీద ఎగురుట మరియొకటి. మొదటిది తప్పనిసరి, రెండవది నేర్పు. ఒకే మాట ఈ రెంటిని మోయుచున్నది. మన భాష యొక్కటే ఇట్లు చేసినదా అని చుట్టుప్రక్కల చూచినాము. కన్నడమున ఇదే ఆటను ‘కుంటెబిల్లె’ అందురు. అచ్చటను కుంట అనగా కాలు చెడినవాడే. తమిళమున ‘నొండి’ అందురు. ఆ మాటకును ఈ రెండర్థములే. ఉర్దూ హిందీలలోని లంగ్డీ కూడ అట్టిదే. మరాఠీవారి లంగడీలో గడులు లేవు, బిళ్ళ లేదు. ఒకడు ఒంటికాలిమీద తరుముచు తక్కినవారిని తాకవలెను. దానిని వారు బడులలో పోటీలుగా కూడ జరుపుచున్నారు. పేరు మాత్రము మరల కాలు చెడినవానిదే.

ఆంగ్లేయులు దీనిని హాప్‌స్కాచ్ అందురు. హాప్ అనగా ఒంటికాలి ఎగురు. స్కాచ్ అనగా ఇక్కడ నేలమీద గీచిన గీత. స్కాట్లాండు దేశముతో దీనికి సంబంధము లేదు. జర్మనులు స్వర్గనరకములని పేరు పెట్టినారు. నేలమీది గడులలో ఒకటి వారికి నరకము, చివరిది స్వర్గము. ఈ రెండు భాషలలోను కాలు చెడినవాని ప్రస్తావన లేదు. అతనిని ఆటలోనికి పిలిచినది మన దక్కను భాషలును, వాని ఇరుగుపొరుగులును. పిలిచి గౌరవించినవా, పిలిచి వెక్కిరించినవా అన్నది వేరు విషయము.

పెద్దల క్రీడలలోను ఈ కుంటుడునకు చోటున్నది. ట్రిపుల్ జంప్ అను దూకుడు పందెములో మూడు అంగలు. మొదటి అంగలో ఏ కాలితో లేచెనో ఆ కాలిమీదనే దిగవలెను. రెండవదానిలో రెండవ కాలిమీద దిగవలెను. మూడవది పూర్తి దూకుడు. ఆ మొదటి అంగ మన వీధి పిల్లల కుంటుడే. మన దేశమునకు చెందిన హెన్రీ రెబెల్లో 1948లో లండన్ ఒలింపిక్స్‌లో ఈ అంశమున తుదిపోటీకి చేరి, తొడకండరము పట్టుకొని వెనుదిరుగవలసివచ్చినది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో మొహిందర్ సింగ్ గిల్ ఇందులోనే బంగారు పతకము గెలిచినాడు. ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఈ పందెము 1996లో అట్లాంటాలో గాని లభింపలేదు. మన వీధులలో మాత్రము ఆడపిల్లలు అంతకు ఎన్ని తరముల ముందునుండియో మగపిల్లలను ఓడించుచునే ఉన్నారు.

ఇక వాడుక. వార్తాపత్రిక తెరచినచో ఏదో ఒక మూల ‘కుంటుపడినది’ అను మాట కనబడును. కాలువ పనులు కుంటుపడినవి, చదువులు కుంటుపడినవి, పాలన కుంటుపడినది. నిలువబడని కారణమును ‘కుంటి సాకు’ అందుము. ‘కుంటివాడైనా ఇంటివాడే మేలు’ అను సామెతలో మెచ్చుకోలు ఉన్నట్లే ఉండును గాని, మెప్పు ఇంటికి, కుంటుదనము అతనికి పంచిపెట్టబడినవి. ఉర్దూ చదువరులకు లంగడా మామిడి తెలియును. బనారసు ప్రాంతపు ఆ తీయని పండునకు, దానిని పెంచిన కాలు చెడిన మనిషి మూలముననే ఆ పేరు వచ్చినదని జనులు చెప్పుకొందురు. అతని పేరు ఎవరికిని గుర్తులేదు.

అంతకంటె పెద్ద ఉదాహరణము చరిత్రలో కలదు. ఫార్సీలో లంగ్ అనగా కాలు చెడినవాడు. 1398లో ఢిల్లీని కొల్లగొట్టిన తైమూరును ఆ భాషవారు తైమూర్-ఎ-లంగ్ అన్నారు. ఐరోపావారి నోట అదియే టామర్లేన్ అయినది. 1941లో సోవియట్ శాస్త్రజ్ఞులు సమర్ఖందులో అతని సమాధిని తెరచి ఎముకలను పరీక్షించి, అతని కుడికాలు నిజముగనే దెబ్బతిన్నదని నిర్ధారించినారు. పేరు విన్నంతనే నగరములు వణికిన విజేతను కూడ లోకము అతని కాలితో కలిపియే పిలిచినది. అట్టిచో ప్రొద్దుటూరు వీధిలోని ఒక ఆడపిల్లను పిలువక విడుచునా?

ఇంతవరకు సులభముగనే వ్రాసినాము. అర్థము తరువాత, సంఘమువారి కోరిక ప్రకారము, మా ఊరి వాడుకనుండి ఒక వాక్యమును ఉదాహరణగా ఇయ్యవలసి యుండెను. కలము పట్టుకొని ముగ్గురమును కూర్చున్నాము. ముగ్గురికిని ఒకే వాక్యము జ్ఞప్తికి వచ్చినది. ఎవ్వరమును దానిని పైకి పలుకలేదు. వ్యాసము అచ్చటనే కొన్ని వారములు ఆగిపోయినది. కుంటుపడినదని వ్రాయబోయి ఆ మాటను కొట్టివేసినాము.

అది 1979 వేసవి. నానీ ఇంటికి నాలుగిండ్ల అవతల ఒక నేతవారి కుటుంబము ఉండెడిది. వారి ఇంటిలో గుంటమగ్గము. తెల్లవారకముందే దాని చప్పుడు వీధికి వినబడెడిది. వారి చిన్నకూతురు మాకంటె ఒక ఏడాది చిన్నది. రెండేండ్ల వయసులో జ్వరము వచ్చి, జ్వరము దిగిన తరువాత ఎడమకాలు సన్నబడిపోయినదట. పోలియో అని ఆ రోజులలో వీధివారికి పేరు తెలియదు. ‘కాలు పడిపోయింది’ అనెడివారు. పోలియో క్రిములు వెన్నుపాములోనుండి కండరములను కదల్చు నరములను చంపును. స్పర్శ పోదు, నొప్పి తెలియును, కదలిక మాత్రము పోవును. ఈ సంగతి మేము చాల కాలము తరువాత చదివికొన్నాము. ఆమె నడచునప్పుడు ఎడమచేతితో ఎడమతొడను అదిమిపట్టి అడుగు వేసెడిది. గుంటమగ్గము నేయువారు రెండు కాళ్ళతో చెక్కలు త్రొక్కవలెను గనుక ఆమెకు మగ్గము నేర్పలేదు. రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుట ఆమె పని.

మధ్యాహ్నము కండెల పని ముగిసిన పిమ్మట ఆమె నానీ ముంగిటికి వచ్చి అరుగుమీద కూర్చుండి మా ఆటను చూచెడిది. నానీ ఆమెను ‘బేటీ’ అని పిలిచెడిది, ఆమె నానీని ‘అవ్వా’ అనెడిది. ఒకనాడు మాలో ఒకరికి మంచి బిళ్ళ దొరకక, ఆమె తన ఒడిలోనుండి ఒక నాపరాతి ముక్క తీసి ఇచ్చినది. అంచులు నునుపుగా అరగదీసినది. ఎన్నాళ్ళనుండియో ఆమె దానిని సిద్ధము చేసికొని ఉన్నదని మాకు తోచవలసి యుండెను. తోచలేదు. “నేను గూడా ఆడతా” అన్నది.

అప్పుడు మా ముగ్గురిలో ఒకరు అన్న మాట ఇది: “కుంటిదానికి కుంటాటేంది?” ఎవరన్నారో ఇక్కడ వ్రాయము. నవ్వినది మాత్రము ముగ్గురమును.

ఆమె ఏమియు అనలేదు. అరుగు దిగి, గోడ పట్టుకొని గడులవద్దకు వచ్చి, పావడ కుచ్చెళ్ళను నడుమున దోపికొని, చెడిన కాలిని మోకాలివద్ద మడచి ఒక చేతితో పట్టుకొన్నది. బిళ్ళ వేసినది. కుడికాలిమీద లేచినది.

మేము అంతవరకు అట్టి ఆట చూడలేదు. పుట్టి బుద్ధెరిగినది మొదలు ఆమె శరీరభారమంతయు ఆ ఒక్క కాలే మోసినది. ఆ కాలికి తెలియని బరువు లేదు. మేము ఒక చుట్టు తిరుగుటకు చేతులాడించి తూలెడివారము. ఆమె తల కదలలేదు. బిళ్ళ ఒక్కొక్క బండ నడుమకు పోయి ఆగినది. రెండు కాళ్ళును మోపవచ్చునన్న గడిలో కూడ ఆమె రెండవ కాలు మోపలేదు. ఆ మధ్యాహ్నము ఆమె ఎనిమిది గడులును ముగించినది. మరునాడును, ఆ మరునాడును ముగించినది. నాలుగవనాటికి వీధి పిల్లలందరును ఆమె జట్టులో చేరుటకు పోటీపడుచుండిరి.

అయిదవనాడు మేము ఒక కొత్త నియమము తెచ్చినాము. నాలుగవ గడి దాటిన తరువాత కాలు మార్చవలెను. మొదటి సగము ఒక కాలితో, రెండవ సగము రెండవ కాలితో. జమ్మలమడుగులో ఇట్లే ఆడుదురని ఒకరము, పులివెందులలోను ఇంతేనని ఒకరము సాక్ష్యము పలికినాము. రెండును అబద్ధములు. “రూలు అందరికీ ఒకటే” అని గట్టిగ చెప్పినాము. ఆమె గడులవైపు ఒకసారి, మావైపు ఒకసారి చూచినది. తన బిళ్ళను తీసికొని, గోడ పట్టుకొని ఇంటికి వెడలిపోయినది. మరల మా ముంగిటికి రాలేదు. రెండుమూడు దినములలో మేము కాలు మార్చు నియమమును కూడ మానివేసినాము. దానితో పని తీరిపోయినది.

నానీ ఆ రాత్రి అన్నము పెట్టుచు, “లంగ్డీలో ఓడిపోయినారా?” అని మాత్రము అడిగినది. మేము తలలెత్తలేదు. ఆమె మరేమియు అడుగలేదు.

వ్యాసము ఆగిపోయిన తరువాత, ఈ సంవత్సరము ముగ్గురమును కలిసి ప్రొద్దుటూరు పోయినాము. నానీ ఇల్లు ఇప్పుడు మాది కాదు. ముంగిటి నాపబండలు తీసివేసి టైల్సు వేసినారు. నేతవారి ఇంటిలో మగ్గము చప్పుడు లేదు. ఆమె మాత్రము ఆ ఇంటిలోనే ఉన్నది. కుట్టుమిషనుకు మోటారు పెట్టించుకొని రవికలు కుట్టుచున్నది. వీధిలో పెండ్లి ఎవరింట జరిగినను రవికలు ఆమెవద్దకే వచ్చును.

“రాండి అన్నా, కూర్చోండి. ఈ పొద్దు ఇట్ల దారి తప్పినారే!” అన్నది. టీ ఇచ్చినది. మేము వచ్చిన పని చెప్పినాము. ఒక మాటను గురించి వ్యాసము వ్రాయుచున్నామని, ఆ మాటను ఒకనాడు ఆమెమీద వాడితిమని, అది తప్పని ఇన్నేండ్లకైనను చెప్పుటకు వచ్చితిమని, ఎవరికి వారము తడబడుచు చెప్పినాము.

ఆమె కుట్టు ఆపి వినినది. తరువాత నవ్వినది.

“ఆ మాట ఊరంతా అనేది అన్నా. మా ఇంట్లో గూడా అనేది. దానికి నేను ఏడ్చలేదు. కాలు మార్చల్లని రూలు పెట్టినారు చూడు, దానికి ఏడ్చినా. మాటైతే నేను గూడా తిరిగి ఒకటి అంటా. రూలును ఏమనాల? అందరికీ ఒకటే అంటిరి గదా.”

మేము ఏమియు పలుకలేకపోయినాము. ఇన్నేండ్లును మేము మాటను దోషిగా నిలిపి, ఆ వెనుక దాగి ఉన్నాము. ఆమె మాటను విడిచిపెట్టి మమ్ములను పట్టుకొన్నది. తెలుగున నిలువబడని కారణమునకు కుంటి సాకు అని పేరు. ఆనాడు ముంగిట గట్టిగ నిలువబడినది ఆమె. నిలువబడలేనిది మా సాకు.

మరియొక సంగతి కూడ ఆమె చెప్పినది. మేము వ్రాసికొన్న అర్థమును చదివి వినిపించినప్పుడు, మొదటి అర్థమువద్దనే ఆపినది. “నేను కుంటింది మీ ముంగిట్లో ఆ నాలుగు రోజులే అన్నా. మిగతా అంతా నేను నడుస్తాండా. అది నా నడక. చూసేవాళ్ళకు కుంటినట్లు కనపడితే నేనేం చేసేది?” అన్నది. ఏ నిఘంటువులోను ఈ విభజన మాకు కనబడలేదు. కడపలో కాపురముండి, పండితులను చేరదీసి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును అచ్చువేయించిన బ్రౌను దొరకు కూడ ఇట్టి అర్థము చెప్పువారు తారసిల్లియుండరు. మాట అర్థమును అడుగవలసినది ఆ మాటను మోయుచున్నవారిని అని మాకు ఆనాడు తెలిసినది.

నేటి విద్యార్థులు ఈ కథను పాతకాలపుదని త్రోసివేయవచ్చును. కొంతవరకు అది నిజమే. మన దేశమున పల్స్ పోలియో చుక్కలు 1995లో మొదలైనవి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక పసిబాలికకు సోకినదే ఆ సహజ వ్యాధికి మన దేశమున చివరి ఉదాహరణ. 2014 మార్చి 27న మన ప్రాంతమంతయు పోలియో విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఆ వీధిలో ఇక ఏ పిల్లకును అట్లు కాలు సన్నబడదు. అది గొప్ప విషయము.

మాటలు కూడ మారినవి. వికలాంగులు అనుచుండిన ప్రభుత్వమువారు దివ్యాంగులు అనిరి. మన రాష్ట్రమున విభిన్న ప్రతిభావంతులు అనిరి. ఈ పేర్లను గురించి అడిగితిమి. “ఏ పేరైనా పెట్టుకోనీ. బస్సు మెట్టు రవంత కిందికి పెట్టమను” అని ఆమె సమాధానము. 2016లో చేయబడి 2017లో అమలులోనికి వచ్చిన హక్కుల చట్టము, తగిన సౌకర్యము కల్పింపక నిరాకరించుట కూడ వివక్షయే అని చెప్పుచున్నది. అనగా అందరికిని ఒకే నియమమని చెప్పి చేతులు దులుపుకొనుట చాలదు. ఆమె 1979లో గోడ పట్టుకొని ఇంటికి పోవుచు తెలిసికొన్న సంగతిని చట్టము అంత ఆలస్యముగా తెలిసికొన్నది. ఆ 2016లోనే రియో పారాలింపిక్స్‌లో తమిళనాడువాడైన మారియప్పన్ తంగవేలు హైజంపున బంగారు పతకము గెలిచినాడు. అయిదేండ్ల వయసులో బస్సు క్రింద అతని కుడికాలు నలిగినది. అతనికి దూకుటకు ఒక మైదానము, తగిన నియమములు ఉండెను. మేము మా ముంగిట ఆ రెండును ఆమెకు లేకుండ చేసినాము.

కళాశాల సంఘమువారికి ఒక మనవి. మీ నియమములు మంచివే. అయినను ఏ నియమమును వ్రాయునప్పుడైనను, దానివలన గోడ పట్టుకొని వెనుదిరుగువారు ఎవరైన ఉన్నారా అని ఒకసారి గడపవైపు చూడవలసినదిగా కోరుచున్నాము. ఈ వ్యాసమునే తీసికొన్నచో, ఇది కుంటాటను గురించినది, లంగ్డీని గురించినది కూడ. దీనిని ఏ విభాగమున వేయుదురో మీ దయ.

మేము బయలుదేరునప్పుడు ఆమె అల్మారా తెరచి సూదులు దారములున్న డబ్బాలోనుండి ఒక నాపరాతి బిళ్ళను తీసినది. అంచులు నునుపుగా ఉన్నవి. గుడ్డమీద సుద్దగీత గీయునప్పుడు కొలత కాగితము కదలకుండ దానిని బరువుగా పెట్టునట. “ఇచ్చేది లేదు, చూపిస్తాండా అంతే” అని మరల డబ్బాలో వేసికొన్నది.

సంఘమువారు కోరిన విధముగా మాటను, అర్థమును, వాడుకను ఇచ్చట వ్రాసి ముగించుచున్నాము.

కుంటు: క్రియ. ఒక కాలు ఎత్తి, రెండవ కాలిమీద ఎగురుచు ముందుకు పోవుట. ఆటలోని నేర్పు.

వాడుక: 1979 వేసవిలో మా వీధిలో అందరికంటె బాగుగ కుంటినది ఆమె, ఓడిపోయినది మేము.